దవడ మీద పొర

4, సోమవారం

ఇవాళ డాక్టరమ్మ మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి చెప్పింది. కూర్చోబెట్టి చెప్పేది మంచి మాట కాదని ఈ ఆస్పత్రిలో అందరికీ తెలుసు. మంచి మాటలన్నీ వరండాలో నిలబెట్టే చెప్పేస్తారు.

చెల్లి స్టూలు మీంచి పడిన రోజు నుంచీ కళ్లు తెరవలేదు. ఆపరేషన్ అయింది, తలలో వాపు తగ్గింది, జ్వరం పోయింది. అన్నీ పోయాయి గానీ చెల్లి మాత్రం రాలేదు.

"మాట వినే చోటు, విన్నది అర్థం చేసుకునే చోటు, రెండూ పోయాయమ్మా. ఊపిరి కూడా మెషీనుదే. గొంతుకి రంధ్రం పెట్టి ఇలాగే ఉంచెయ్యొచ్చు. లేదా గొట్టం తీసెయ్యొచ్చు. తీస్తే ఎంతోసేపు ఉండదు. ఆలోచించుకోండి, తొందరేం లేదు" అంది.

తొందరేం లేదట! బట్టలకొట్లో బేరం చెప్పినట్టు.

మరిది, అంటే చెల్లి మొగుడు, చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. టైలరు కదా, చేతిలో ఏదో ఒక గుడ్డ లేకపోతే ఆ చేతులేం చెయ్యాలో అతనికి తెలీదు. బయటికొచ్చాక, "వదినా, అది అలా పడుండటం నేను చూడలేకపోతున్నా. సంతకం పెట్టేస్తా" అన్నాడు. "ఇంకోసారి ఆ మాటన్నావంటే మర్యాదగా ఉండదు" అన్నాను. పాపం, అతను నాకెప్పుడూ ఎదురు చెప్పడు.

నిన్న తల దువ్వుతుంటే దాని దవడ కదిలింది. నేను చూశాను. డాక్టరమ్మతో చెప్తే, "అది దానంతటదే కదులుతుందమ్మా, అర్థం ఏమీ ఉండదు" అంది. మా ఇంట్లో చెల్లిని రేడియో అనేవాళ్లం. నిద్రలో కూడా ఆగేది కాదు. దాని దవడ కదిలితే అర్థం లేకుండా ఎలా ఉంటుంది?

5, మంగళవారం

డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్లి నా పనేంటో చెప్పాను. "మేం చేసేది వెంట్రుక కన్నా పల్చటి ప్లాస్టిక్ పొరండీ. వంచినా, నొక్కినా, పక్కన చీమ నడిచినా అందులో కాస్త కరెంటు పుడుతుంది. చేతి వాచీల్లో నాడి పట్టేది అదే. ఒక ముక్క మా చెల్లి దవడకి అంటిస్తాను. మీ కంటికి కనపడని కదలిక దానికి తెలుస్తుంది" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, "దానివల్ల నష్టమేం లేదు, పెట్టుకోండి" అంది. చిన్నపిల్ల బొమ్మ అడిగితే ఇచ్చినట్టు.

మధ్యాహ్నం నుంచీ మా వర్క్‌షాపులో అదే పని. మామూలుగా అయితే ఈ పనిలో నా చెయ్యి తిరిగిందే. ఇవాళ మాత్రం ద్రావకంలో ప్లాస్టిక్ పొడి ఉండలు కట్టింది. వడకట్టి మళ్లీ కరిగించాను. గాజు పలక మీద పోసి కత్తి అంచుతో పల్చగా లాగుతుంటే ఎక్కడినుంచో నలుసొకటి వచ్చి పడింది. నలుసు పడ్డ చోట కరెంటు పెట్టగానే చిల్లు పడుతుంది. తుడిచేసి మళ్లీ పోశాను.

6, బుధవారం

ఎండిన పొరని నీళ్లలో వదిలి, పలక నుంచి ఊడదీసి, వేడి రోలర్ల మధ్య సాగదీశాను. రెండు వైపులా వెండి పూత వేశాను. మిగతాది కరెంటు బాబాయి పని, మా దగ్గర పొరలకి కరెంటు పెట్టే పెద్దాయన. వేడి మీద పెద్ద కరెంటు పెట్టి, పొర చల్లారేదాకా దాన్ని ఆపకుండా పట్టి ఉంచాలి. తొందరపడి ముందే ఆపితే చేసిందంతా వృథా. బాబాయికి ఆ తొందరే లేదు, నేనే పక్కన నిలబడి గొణుగుతున్నాను.

చల్లారాక రెండు తీగలు తగిలించి, ఎప్పటిలాగే పొర మీద 'ఉఫ్' అని ఊదాడు. స్క్రీను మీద గీత లేచింది. గీత లేస్తే "బతికింది" అంటాడు, లేవకపోతే "చచ్చింది" అని బుట్టలో వేస్తాడు. మా దగ్గర పాతికేళ్లుగా అవే మాటలు. ఇవాళ మాత్రం ఆ మాట అనబోయి నా మొహం చూసి, "బాగా వచ్చిందమ్మాయ్" అన్నాడు.

7, గురువారం

అవునంది.

అవునంది! ఇంటికెళ్లేదాకా ఆగలేక బస్సులోనే రాస్తున్నాను. పొరముక్కని చెవి కింద దవడ మీద అంటించి, తీగలు సిగ్నలు పెంచే చిన్న డబ్బాకి, డబ్బా ఫోనుకి తగిలించాను. మొదట గీత మీద చిన్న చిన్న అలలే కనిపించాయి. అవి మెషీను ఊపిరివి. వాటికి అలవాటు పడేదాకా చూస్తూ కూర్చున్నాను. తర్వాత చెవి దగ్గరికి వంగి, "ఒసేయ్ రేడియో, నేనే, అక్కని. వినపడుతోందా? వినపడితే దవడ కదుపు" అన్నాను. గీత మెల్లగా లేచింది. అలలాగా కాదు, కొండలాగా. నేను వెనక్కి జరిగాక దిగింది.

మళ్లీ అడిగాను. మళ్లీ లేచింది. "నొప్పిగా ఉందా?" అని అడగబోయి ఆగిపోయాను. "ఇంటికొస్తావా?" అన్నాను. లేచింది.

8, శుక్రవారం

ఇవాళ కూడా. అడిగిన ప్రతిసారీ.

9, శనివారం

డాక్టరమ్మని పిలిచి చూపించాను. నేను అడిగినప్పుడు గీత చక్కగా లేచింది. నర్సుని అడగమంటే మంచం కాళ్ల వైపు నిలబడి, పేషెంట్లందరినీ పిలిచే గొంతుతో, "అమ్మా, వినపడుతోందా?" అంది. గీత కదల్లేదు. మా చెల్లికి ఆ నర్సంటే మొదటి నుంచీ గిట్టదేమో. సూది పొడిచేవాళ్లతో ఎవరు మాట్లాడతారు?

మరిది అడిగినా పలకలేదు. అతను గోడకి ఆనుకుని, "ఏమే... ఏమే..." అన్నాడు, అంతే. ఆడవాళ్లతో సూటిగా మాట్లాడటం అతనికి ఎప్పుడు వచ్చింది గనక! "దగ్గరికెళ్లి ధైర్యంగా అడుగు" అన్నాను. వెళ్లలేదు. వరండాలోకి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ, "ఇంకో వారం చూద్దాం" అంది. సంతకం ఆగింది. నాకదే చాలు.

11, సోమవారం

నాకు జలుబు. మాస్కు పెట్టుకోకపోతే గదిలోకి రానివ్వమన్నారు. మాస్కుతోనే చెవి దగ్గర చాలాసేపు బతిమాలాను. ఒక్కసారి కూడా పలకలేదు.

ఆదివారం రాలేదని అలిగినట్టుంది. అలక దానికి చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

12, మంగళవారం

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ కరెంటు బాబాయి దగ్గర నోరు జారాను. మాస్కు సంగతి కూడా చెప్పాను. ఆయన అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని వింటూ ఉండిపోయాడు.

"అమ్మాయ్, కాదనాల్సిన ప్రశ్న ఒకటి అడిగి చూశావా?"

"అంటే?"

"నువ్వు మగాడివా అని అడుగు. లేదా నేను మీ అక్కని కాదు కదా అని అడుగు. దానికీ అవునంటుందేమో చూడు."

"చావుబతుకుల్లో ఉన్న మనిషితో పరాచికాలు ఏంటి బాబాయ్?" అని కసిరాను.

"పోనీ, జంట పొర వేసి పెట్టు" అన్నాడు మెల్లగా.

రెండు పొరలు అంటించే గమ్ము అయిపోయింది, ఓవెన్ ఖాళీ లేదు, ఈ వారం ఆర్డర్లు తల మీదున్నాయి. అదే చెప్పాను. గమ్ము అలమరలో ఉందని ఆయనకి తెలుసు. లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.

13, బుధవారం

జలుబు తగ్గింది, మాస్కు తీసేశాను. చెల్లి మళ్లీ పలికింది. అలక తీరింది.

చెల్లి కూతురు బుడ్డదాన్ని తీసుకెళ్లాను. ఇన్నాళ్లూ ఆ గొట్టాలు చూసి పిల్ల జడుసుకుంటుందని మరిది వద్దన్నాడు. అది జడుసుకోలేదు. సరాసరి మంచం పక్కకెళ్లి, చెవిలో నోరు పెట్టి, వాళ్లమ్మ లాగే గడగడా వాగింది. "గీత పైకి లేస్తే అవునని, లేవకపోతే కాదని" చెప్పాను.

"అమ్మా, నేనెవరో తెలిసిందా?" లేచింది. "నేనంటే ఇష్టమా?" లేచింది, నాకు ఎప్పుడూ లేవనంత ఎత్తుకి. పిల్ల చప్పట్లు కొట్టింది. నర్సు కూడా కళ్లు తుడుచుకుంది.

నేను ఫార్మసీ దాకా వెళ్లి మందులు తెచ్చేదాకా దాన్ని అమ్మ దగ్గరే కూర్చోబెట్టాను. వచ్చేసరికి బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఎన్నాళ్ల తర్వాతో ఇవాళ నాకు ఆకలేసింది.

14, గురువారం

మరిది కొట్టు తెరిచాడు. చెల్లికి ముందు బొత్తాలుండే గౌన్లు కుడుతున్నాడట, లేచి కూర్చోగానే తొడగడానికి వీలుగా. మెత్తటి నూలు గుడ్డ, పసుపు మీద చిన్న చిన్న ఆకులు. "అవునంటోందిగా వదినా" అన్నాడు. గుండె నిండిపోయింది.

16, శనివారం

బుడ్డది రెండు రోజుల నుంచీ సరిగా తినట్లేదట. ఆస్పత్రికి వెళ్దాం రమ్మంటే కడుపునొప్పి అంటోంది. గొట్టాలు చూసి ఇప్పుడు భయం పట్టుకుందేమో. మరిది చెప్పింది నిజమే, తీసుకెళ్లకుండా ఉండాల్సింది.

17, ఆదివారం

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున బుడ్డదానికి జడ వేస్తున్నాను. అద్దంలోకి చూడకుండా అడిగింది.

"పెద్దమ్మా, అమ్మ అబద్ధాలు చెబుతుందా?"

"మీ అమ్మా? వాగుడుకాయే గానీ దాని నోట అబద్ధం రాదు. అందుకే దానికి అందరితో తగాదాలు" అన్నాను నవ్వుతూ. నవ్వుతూ అన్నాను, నా నోరు పడిపోను.

"అయితే నిజమే అన్నమాట" అంది.

"ఏంటి నిజం?"

రిబ్బను వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "అటక మీద రంగుల డబ్బా ఇప్పుడే కావాలని నేనే ఏడ్చా. అమ్మ తర్వాత తీస్తానంది. నేను ఊరుకోలేదు. అందుకే స్టూలెక్కింది. మొన్న నువ్వు మందులకి వెళ్లినప్పుడు, నా వల్లే పడ్డావా అమ్మా అని అడిగా." జడ నా చేతిలోనే ఉంది. "గీత లేచింది పెద్దమ్మా. మళ్లీ అడిగా. మళ్లీ లేచింది."

"కాదు తల్లీ, ఆ స్టూలు కుంటిది, నీ వల్ల కాదు" అన్నాను.

"నువ్వే చెప్పావుగా, లేస్తే అవునని."

ఆ ఒక్క గీత అబద్ధమంటే అన్ని గీతలూ అబద్ధాలే. వినపడుతోందన్నదీ, ఇంటికొస్తానన్నదీ, అన్నీ. పిల్ల ఎదురుగా నిలబడి బొమ్మలా చూస్తోంది. ఇంత పిల్ల ఇంత బరువు మోస్తుంటే నేను నా చెల్లిని పోగొట్టుకోలేక ఒక్క మాట అనలేకపోయాను. జడ పూర్తి చేశాను. రిబ్బను కట్టాను. ఇంకేమీ చేయలేదు.

18, సోమవారం

జంట పొర చేశాను. రెండు ముక్కల్ని వీపుకి వీపు అంటించాను. ఒంటి పొర వేడి తగిలినా లేస్తుంది. జంటైతే ఒకటి గీతని పైకి లేపుతుంది, రెండోది కిందికి లాగుతుంది. గీత ఉన్న చోటే ఉంటుంది. వంగితే మాత్రం రెండూ కలిసి పలుకుతాయి. కదలికకి తప్ప ఊపిరి వేడికి లేవదు. మా దగ్గర పనిలో చేరినవాళ్లకి మొదట్లోనే నేర్పే సంగతి. నేర్పేది నేనే. ఒక్క పూట పని.

బాబాయి ఊదాడు. గీత కదల్లేదు. గోటితో అంచు వంచాడు. ఎగిరింది. కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "నేనూ రానా అమ్మాయ్?" అన్నాడు. వద్దన్నాను.

19, మంగళవారం

అంటించాను. అడిగాను.

మెషీను అలలు. అంతే.

అడిగినవన్నీ మళ్లీ అడిగాను. వినపడుతోందా? నేనెవరో తెలిసిందా? ఇంటికొస్తావా? చెవి మీద పెదాలు ఆనించి అడిగాను. తిట్టాను. "ఒక్కసారి కదపవే, నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్కసారి" అన్నాను. నేను అడగటం ఆపేసి కళ్లు తుడుచుకుంటున్నప్పుడు దవడ ఒకసారి చిన్నగా అదిరింది. గీత ఎగిరిపడింది. ఆశతో మళ్లీ అడిగాను. లేదు. ఇంకాసేపటికి, ఎవరూ ఏమీ అడగనప్పుడు, మళ్లీ అదిరింది. డాక్టరమ్మ చెప్పినట్టే.

ఇన్నాళ్లూ నేను నా ఊపిరితో నేనే మాట్లాడుకున్నాను. అడిగిందీ నేనే, అవునన్నదీ నేనే. చెల్లి ఎప్పుడో వెళ్లిపోయింది, నాకు చెప్పకుండా.

20, బుధవారం

బుడ్డది బడి నుంచి రాగానే అన్నం బల్ల దగ్గర కూర్చోబెట్టాను. స్టీలు గ్లాసుకి పాత పొరముక్క అంటించి తీగలు తగిలించాను.

"గ్లాసుని ఏదైనా అడుగు" అన్నాను.

అనుమానంగా చూసింది. "దగ్గరికొచ్చి, అమ్మని అడిగినట్టే అడుగు."

"నువ్వు గ్లాసువా?" లేచింది.

"నువ్వు ఏనుగువా?" లేచింది. కిసుక్కున నవ్వింది. ఎన్ని రోజులైందో ఆ నవ్వు విని. "నీకు తొండం ఉందా? నీకు పరీక్షలున్నాయా?" అన్నిటికీ అవునే. తర్వాత నవ్వు ఆపి, గ్లాసుకి ఇంకా దగ్గరగా జరిగి, "నీకు నామీద కోపమా?" అని అడిగింది. లేచింది.

"గ్లాసుకి నామీద కోపమెందుకు?"

"కోపం లేదు తల్లీ. గ్లాసుకి ఏమీ తెలీదు. నువ్వు దగ్గరికొచ్చి మాట్లాడితే నీ ఊపిరి వెచ్చగా తగులుతుంది. ఈ పొరకి వేడి తగిలితే గీత లేస్తుంది. అమ్మ దగ్గరా అంతే జరిగింది. నాకు ముందే తెలియాల్సింది. తెలిసీ తెలియనట్టు ఉన్నాను."

గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే నా వల్లే పడ్డానని అమ్మ అనలేదా?"

"అనలేదు. అమ్మ అసలు ఏమీ అనలేదు."

గట్టిగా ఊపిరి వదిలింది. దాని భుజాలు దిగడం కళ్లారా చూశాను. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను. అనుకుని తీగలు విప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"మరి నేనంటే ఇష్టమా అంటే అవునందిగా. అది కూడా వేడేనా?"

కాదని చెబితే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దానికి ఒకటి నిజం, ఒకటి అబద్ధం అని చెబితే మళ్లీ మొదటికే వస్తుంది.

"వేడే" అన్నాను.

"ఎవరి వేడి?"

"నీదే తల్లీ."

అది ఏడవలేదు. ఏడ్చింది నేను, వెర్రిదానిలా, బల్ల మీద తల పెట్టి. బుడ్డది ఆ గ్లాసు మీది పొర ఊడదీసి, గ్లాసు కడిగి, నీళ్లు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

21, గురువారం

మరిదికి చెప్పడానికి కొట్టుకి వెళ్లాను. మిషను మీద పసుపు గౌనే ఉంది. దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాను గానీ వాటి అవసరం రాలేదు. అతనే మిషను ఆపాడు.

"నాకు తెలుసు వదినా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అది లేదని. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను 'ఏమే' అంటే అది పలక్కుండా ఉన్నది లేదు. ఎంత తగాదా పడ్డా 'ఆఁ' అని తిట్టయినా తిట్టేది. ఆరోజు నేను పిలిస్తే పలకలేదు చూడు, అప్పుడే తెలిసిపోయింది."

"తెలిసీ గౌన్లు కుడుతున్నావా?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయా."

నేను అతన్ని ఓదార్చడానికి వెళ్లాను. ఇన్నాళ్లూ అతనే నన్ను మోస్తున్నాడని నాకు తట్టనే లేదు. అతనికి మాట్లాడటం రాదని ఎన్నిసార్లు వెక్కిరించానో! కస్టమరు ఎవరో వచ్చి పంట్లాం పొడవు తగ్గించాలన్నారు. టేపు తీసుకుని లేచాడు.

22, శుక్రవారం

సంతకం పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

25, సోమవారం

పొద్దున్నే పసుపు గౌను తొడిగాం. పడుకోబెట్టి తొడగడానికి ముందు బొత్తాలే సులువయ్యాయి. నర్సు, "చక్కగా కుట్టారు" అంది. నేను డబ్బా తేలేదు, తీగలు తేలేదు. దవడ మీద పొర అంటించిన చోట చర్మం కాస్త ఎర్రగా ఉంది. అక్కడ నూనె రాశాను.

పిల్లల్ని ఉంచకపోవడమే మంచిదన్నారు. బుడ్డది ససేమిరా కదలనంది. "నేను అమ్మతో మాట్లాడాలి" అంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఉండనివ్వండన్నాను.

పిల్ల మంచమెక్కి, చెవి దగ్గర రెండు చేతులూ అడ్డం పెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. మాకు గుసగుసలే తప్ప మాటలు వినపడలేదు. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. అయ్యాక దిగి వచ్చి వాళ్ల నాన్న వేలు పట్టుకుని వరండాలోకి వెళ్లింది. మరిది పిల్లని బయట కూర్చున్న కరెంటు బాబాయికి అప్పజెప్పి వెనక్కి వచ్చాడు. అప్పుడు గొట్టం తీశారు.

డాక్టరమ్మ అన్నట్టే ఎంతోసేపు ఉండలేదు. మరిది దాని చెయ్యి వదల్లేదు. చల్లబడ్డాక కూడా వదల్లేదు. నర్సు వచ్చి మెల్లగా విడిపించింది.

బయట బెంచీ మీద బుడ్డదాని పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక, "అమ్మని ఏం అడిగావు తల్లీ?" అన్నాను.

"ఏం అడగలేదు పెద్దమ్మా. చెప్పా, అంతే. అడిగితే అమ్మ పలకలేదుగా, పాపం" అంది.

నేను మాత్రం గొట్టం తీశాక కూడా అడుగుతూనే ఉన్నాను.